కొంగబండ

మోర్‌బందర్ కోలీవాడలో, అంటే కోలీ జాలర్ల పేటలో, బుట్ట చంకనెత్తుకుని గడప దాటుతున్న ఆడదాన్ని ఎక్కడికని అడగరు. అడిగితే ఆ పూట వేట చెడుతుంది. వెనకనుంచి పిలవడం అంతకన్నా పాపం. అయినా తెలియక ఏ పొరుగూరి చుట్టమో నోరు జారి అడిగాడనుకోండి, దానికి పేట మొత్తానికీ ఒకటే జవాబు ఉంది: "కొంగబండకి." అడిగినవాడు కోలీ అయితే ఆ మాట వినగానే నాలిక కరుచుకుని పక్కకి తప్పుకుంటాడు. ఎందుకంటే కొంగబండ దగ్గర ఏమీ లేదని పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. దక్షిణాన, నగరం మురుక్కాలవ సముద్రంలో కలిసే మలుపులో ఉంటుందా బండ. ఒకప్పుడు దాని నిండా ఆల్చిప్పలు ఉండేవట. నల్లనీళ్ళు తగిలి అవి చచ్చి ఎన్నాళ్ళయిందో హౌసాబాయి అత్తగారికే సరిగ్గా గుర్తుండేది కాదు. బురదలో పురుగుల కోసం కొంగలు వాలడం తప్ప అక్కడ ఎవరికీ పని లేదు.

హౌసాబాయి వెళ్ళేది ఉత్తరానికి. అమావాస్యకీ పున్నమికీ ఆటు బాగా తీసినప్పుడు ఆ వైపు నల్లరాళ్ళు బయటపడతాయి. ఒడ్డునుంచి చూస్తే అన్నీ ఒకటే మాదిరి. కానీ వాటిలో ఇంటికొకటి ఉంది, ఇంటి పేరులాగే అది అత్తనుంచి కోడలికి వస్తుంది. హౌసాబాయి ఇంటి రాతి పేరు ముసల్ది. వంగి అంట్లు తోముకుంటున్న ముసలమ్మ వీపులా ఉంటుంది. పెళ్ళయిన ఏడు, నారళీ పున్నమికి సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చాక వచ్చిన అమావాస్యనాడు, ఇంకా మసక విడకముందే అత్తగారు ఆమెని వెంటబెట్టుకుపోయి, దాని మీద ఆమె అరచెయ్యి ఆనించి, రెండే మాటలు చెప్పింది. పిల్లచిప్పల జోలికి పోవద్దు. చోటు ఎవరికీ చెప్పొద్దు. "చెప్పిన చోట చిప్ప నిలవదు," అంది ముసలావిడ, దణ్ణం పెట్టుకుంటూ.

అలాగని రాళ్ళ మీద ఒకరికొకరు కనబడరా అంటే, ఎందుకు కనబడరు? వరసకి తోటికోడలు యమున రాయి ముసల్దానికి ఎంత దగ్గరంటే, ఒకరు చిప్ప ఊడగొట్టే సుత్తి దెబ్బ ఇంకొకరి గాజులకి వినిపిస్తుంది. అయినా అక్కడ పలకరింపులు లేవు, చూపులు లేవు. ఒడ్డుకొచ్చి కొళాయి దగ్గర కలిశాక, అప్పుడే నిద్ర లేచినట్టు ఏం కూర అని అడుగుతుంది యమున. హౌసాబాయి కూడా అప్పుడే ఆమెని చూసినట్టు జవాబు చెబుతుంది.

హౌసాబాయి మొగుడు మోరేశ్వర్ పడవ ఎప్పుడో ఒడ్డునే పుచ్చిపోయింది. వలలో చేపకన్నా ప్లాస్టిక్ సంచులు ఎక్కువ పడే రోజులొచ్చాక అతను ఎదురుగా లేచిన మేడల్లో వాచ్‌మన్‌గా కుదిరాడు. కొడుకు జయేశ్ మోటారు సైకిల్ మీద ఇంటింటికీ పొట్లాలు అందిస్తాడు. సముద్రంతో ఆ ఇంటికి మిగిలిన చుట్టరికం ముసల్ది ఒక్కటే. కోడలు అస్మిత మందుల షాపులో పనిచేస్తుంది, అయినా సముద్రం మీద ఆశ చావని పిల్ల. వచ్చిన ఏడాదే అడిగింది, "అత్తా, నాకెప్పుడు చూపిస్తారు?" అని. వచ్చే నారళీ పున్నమి కానీ అంది హౌసాబాయి. ఆ పున్నమీ వచ్చింది, పోయింది, మళ్ళీ ఇంకోటి అంది. నిజం చెప్పాలంటే ఆమెకి ఇవ్వబుద్ధి కాలేదు. రాయి చూపించేసిన మర్నాటినుంచి తనే ముసలిదైపోతుందని ఒక బెంగ.

ఈలోగా రోడ్డు మాట పుట్టింది. నగరంలో కార్లు కదలడం లేదు కాబట్టి సముద్రం వెంబడి స్తంభాల మీదా, రాళ్ళు పోసి పూడ్చిన కట్ట మీదా పెద్ద రోడ్డు వేస్తారట. దాని పక్కన తోటలు, నడవడానికి బాటలు, కూర్చోవడానికి బల్లలు. ఇల్లు అలకగానే పండగైనట్టు పేపర్లలో రంగుల బొమ్మలు కూడా వచ్చేశాయి. ఆ బొమ్మల్లో కోలీవాడ ఉండాల్సిన చోట పచ్చగడ్డి ఉంది. మగవాళ్ళు గొడవ చేస్తే, ఇళ్ళు ఎక్కడికీ పోవు, బొమ్మ గీసినవాడు తొందరపడ్డాడు అన్నారు. ఆ గొడవ చల్లార్చడానికే కావచ్చు, రోడ్డు ఆఫీసునుంచి పేటకి మృణాల్ సహస్రబుద్ధే అనే అమ్మాయిని పంపారు.

ఆ పిల్ల చెడ్డది కాదు. చెడ్డదైతే ఇంత చేటు జరిగేది కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగింది. ఎండు బొంబిల్ చేప పచ్చడి బియ్యపు రొట్టెతో తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త వెయ్యమంది. ఆఫీసులో సముద్రమంటే మ్యాపు మీద నీలి రంగేననీ, ఆ నీలంలో ఆడవాళ్ళు పనిచేస్తారని పెద్దవాళ్ళెవరికీ తెలియదనీ చెప్పింది. ఏ రాయి ఎవరిదో తను మ్యాపులో గుర్తు పెడితే రోడ్డు దాని మీద పడకుండా పోట్లాడతానంది. అలా ఇంటింటికీ తిరుగుతూ ఒక అమావాస్య పొద్దున్న హౌసాబాయి గుమ్మంలోకి వచ్చింది. హౌసాబాయి అప్పటికే చీర గోచీ పోసి బిగించుకుని, బుట్ట చంకనెత్తుకుని, కుడికాలు గడప దాటించి ఉంది. మ్యాపు అరుగు మీద పరిచి మృణాల్ తలెత్తి, సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"మావశీ, మీరు ఎక్కడికి వెళ్తారు?"

వీధిలో కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా నీళ్ళు పట్టడం ఆపేశారు. హౌసాబాయి ఒళ్ళు భగ్గుమంది. తిట్టాలనిపించింది గానీ చదువుకున్న పిల్ల, తన బియ్యపు రొట్టె తిన్న పిల్ల. నోరు దాని దారిన అదే పలికింది.

"కొంగబండకి."

మృణాల్ ఆ చోట ఎర్రచుక్క పెట్టి, పక్కన వేలిముద్ర వేయించుకుంది. కొళాయి దగ్గర పవిటలు నోళ్ళలో కుక్కుకున్నారు. ఆ పక్కింట్లో అడిగితే కొంగబండకే, ఆ వెనకింట్లో అడిగితే కొంగబండకే. పేటలో ప్రతి గడపా అదే చెప్పింది. పాపం, ఇంతమంది ఒక్క బండ మీద ఎలా సర్దుకుంటారని మృణాల్ ఆశ్చర్యపోయిందట. ఆ మాట చెప్పుకుని ఆడవాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది హౌసాబాయే.

వానాకాలం వెళ్ళాక మృణాల్ మళ్ళీ వచ్చింది, చేతిలో పేడాల పెట్టెతో. పేట మధ్యలో హింగళాదేవి గుడి ముందు నిలబడి అందరినీ పిలిచింది. గెలిచామంది. మొదటి ప్లాను ప్రకారం రోడ్డు కొంగబండ మీదుగానే పోవాల్సింది. తను ఆఫీసులో రోజూ కొట్లాడి, ఎర్రచుక్కలన్నీ చూపించి, ఇది వీళ్ళ అన్నం కుండ అని చెప్పి, చివరికి రోడ్డు వంపునే జరిపించింది. పెద్ద ఇంజినీర్లు ఆమెతో మాట్లాడ్డం మానేశారట. ఒక్కొక్కరి నోట్లో ఒక్కొక్క పేడా తన చేత్తోనే పెట్టింది.

"జరిపి ఎటు పెట్టారమ్మా?" అంది హౌసాబాయి, పేడా ఒక బుగ్గన పెట్టుకుని.

మృణాల్ మ్యాపు విప్పింది. ఆమె గోరు కొంగబండ దగ్గర బయల్దేరి, ఉత్తరంగా ఒంపు తిరిగి, నీలి రంగులో ఒకచోట ఆగింది. మ్యాపు చదవడం రాకపోయినా, గుడీ పాత జెట్టీ ఎక్కడున్నాయో చూసుకుంటే హౌసాబాయికి ఆ చోటు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇక్కడ రాళ్ళు పోసి కట్ట వేస్తారు మావశీ. ఇక్కడ ఏమీ లేదు కదా. ఒక్కరు కూడా ఈ వైపు పేరు చెప్పలేదు."

పేడా హౌసాబాయి నోట్లోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, ఉమ్మడానికి మనసొప్పలేదు. చుట్టూ చూసింది. యమున ముఖం సున్నం కొట్టినట్టుంది. అందరికీ తెలిసిపోయింది. ఆ క్షణాన ఎవరో ఒకరు నోరు విప్పి ఉంటే సరిపోయేది. అంతమంది ఆడవాళ్ళు, కొళాయి దగ్గర ఒక బిందె ముందుకి జరిపితే పేట ఎగిరిపోయేలా అరవగలవాళ్ళు, నోట్లో తీపితో నిలబడిపోయారు. మృణాల్ అది సంతోషమనుకుంది.

ఆ సాయంత్రం మోరేశ్వర్ విషయం విని డ్యూటీ టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. తర్వాత, "మరి ఆ పిల్లకి అక్కడే చెప్పకపోయావా?" అన్నాడు. చెప్పిన చోట చిప్ప నిలవదని అతనికీ తెలుసు. హౌసాబాయి గోడవైపు తిరిగి పడుకుంది. చెప్పకపోతే రాయి ఉండదు, చెబితే రాతి మీద చిప్ప ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ నూతిలో పడ్డా గోతిలో పడ్డా ముసల్ది మునిగిపోవడం మాత్రం ఖాయంలా తోచింది.

తెల్లారాక ఆమె తెగించింది. రోడ్డు మీద ఆక్షేపణలు వినడానికి వార్డు ఆఫీసులో పెద్ద విచారణ ఉందని, అక్కడ పేట ఆడవాళ్ళంతా ఒక్క మాట మీద నిలబడితే వంపు మళ్ళీ జరగొచ్చని జయేశ్ చెప్పాడు. హౌసాబాయి గడప గడపకీ తిరిగింది. కొందరు తల ఊపారు. కొందరు, హింగళాదేవి ఊరుకుంటుందా, వాళ్ళ యంత్రాలు ఆ నీళ్ళలో మునిగిపోవూ అన్నారు. వాలూబాయి అయితే, మా రాయి మీద చెయ్యి వెయ్యడానికి నీకిదో సాకు దొరికిందా అని ముఖం మీదే అంది. ఎప్పుడో పాతికేళ్ళ కిందట తన రాతి మీద ఎవరో చిప్పలు దోచారని ఆమెకింకా హౌసాబాయి మీదే అనుమానం.

యమున మాత్రం చేతులు పట్టుకుంది. "నువ్వు మొదలెట్టక్కా. నువ్వు ఒక్క మాట అను. నీ వెనకాలే లేస్తాను. నాకు మాత్రం వేరే ఏముంది?"

ఆ మాట పట్టుకునే హౌసాబాయి విచారణకి వెళ్ళింది. హాల్లో పంకాలు తిరుగుతున్నాయి. ముందు వరసలో మేడలవాళ్ళు రోడ్డు వల్ల తమ కిటికీల్లోకి రొద వస్తుందని చాలాసేపు మాట్లాడారు. కోలీవాడ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పేట ఆడవాళ్ళు దాదాపు అందరూ వచ్చారు, వెనక వరసల్లో ఒద్దికగా కూర్చున్నారు. హౌసాబాయి లేచింది. జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అనబోతోంది. అత్తగారి చెయ్యి వచ్చి నోరు మూస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి, ఉత్తరాన నల్లరాళ్ళున్నాయనీ, అక్కడ ముసల్ది అనే రాయి తనదనీ, తాము ఏరుకునేది అక్కడేననీ చెప్పింది.

పెద్ద ఇంజినీరు కాగితాలు తిరగేశాడు. అతని గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "మీ పేటలో ప్రతి ఇల్లూ కొంగబండే చూపించిందమ్మా. మీరూ వేలిముద్ర వేశారు."

"అది అబద్ధం సాహెబ్. కొంగబండ చచ్చిన బండ."

"మరి ఉత్తరానికి వెళ్ళేది మీరొక్కరేనా?"

"అందరం వెళ్తాం."

"అందరూ ఇక్కడే ఉన్నారు కదా. ఈమె చెప్పింది నిజమని ఇంకెవరైనా అంటారా?"

హౌసాబాయి వెనక్కి తిరిగింది. ఒక్కొక్కరూ పక్కామె లేస్తుందేమోనని చూస్తున్నారు. వాలూబాయి కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది. యమున చెయ్యి పైకి లేచింది. హౌసాబాయి ప్రాణం ఆ చేతి మీదికి వచ్చింది. ఆ చెయ్యి తల మీదికి వెళ్ళి, కొంగు సర్దుకుని, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది.

పక్క బల్ల దగ్గరనుంచి మృణాల్ లేచి నిలబడింది. ఆ పిల్ల ముఖం చూస్తే జాలి వేసింది.

"మావశీ, మీ గుమ్మంలో కూర్చుని అడిగాను కదా. మీ మంచికే అడిగాను కదా. నాకెందుకు అబద్ధం చెప్పారు?"

"నువ్వు ఎక్కడికని అడిగావమ్మా," అంది హౌసాబాయి. "అది అడక్కూడదు. అడిగితే మేం అదే చెప్తాం."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మృణాల్ నవ్వలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమెకి అర్థమైంది, కానీ అర్థమై లాభం లేదు. వంపు ఒకసారి ఆమె మాట మీదే జరిగింది. ఆ ఆఫీసులో ఆమె మాట ఇంక చెల్లదు. రోడ్డు తాడు కాదు, ఎటు లాగితే అటు రావడానికి, అన్నాడు ఇంజినీరు మెల్లగా. ఉత్తరాన రాళ్ళు దింపే బార్జీలకి అనుమతి కూడా వచ్చేసిందట. తర్వాతి పేరు పిలిచారు.

బయట మెట్ల మీద యమున వెంటపడింది. "నోరు రాలేదక్కా. లేద్దామనే అనుకున్నాను." హౌసాబాయి ఆమెని దాటుకుని మెట్లు దిగిపోయింది. తిట్టి ఉంటే ఇద్దరికీ కాస్త తెరిపి ఉండేది.

ఆ నెల అమావాస్యకి ఆమె అస్మితని లేపింది. నారళీ పున్నమి కాదు, కొబ్బరికాయ లేదు, ఏ ముహూర్తమూ లేదు. మసకలో ఇద్దరూ ఉత్తరపు బురదలోకి దిగారు. దూరంగా బార్జీల దీపాలు కనిపిస్తున్నాయి. రాళ్ళ దగ్గరికి చేరేసరికి పేట ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు, ఎవరి రాతి మీద వాళ్ళు. కానీ సుత్తి చప్పుడు ఒక్కటీ లేదు. హౌసాబాయి అస్మిత అరచెయ్యి పట్టుకుని ముసల్దాని వీపు మీద ఆనించింది. చిప్పల అంచులు గరగరలాడుతూ తగిలాయి. పిల్లచిప్పల జోలికి పోవద్దు అనబోయి, ఎందుకులే అని ఊరుకుంది.

"ఇప్పుడెందుకు చూపించారత్తా?" అంది అస్మిత. ఏడుస్తోందో, కోప్పడుతోందో ఆ మసకలో తెలియలేదు. "చూడకపోయినా బాగుండేది."

అప్పుడు పక్క రాతినుంచి యమున గొంతు వినిపించింది. "అక్కా, నేను ఇక్కడే ఉన్నాను." ఇన్నేళ్ళలో ఆ రాళ్ళ మీద మనిషి మనిషిని పలకరించడం అదే మొదలు. ఇంకో రాతి మీదనుంచి ఇంకొకరు, నేనూ ఇక్కడే అన్నారు. ఆ వెనక ఇంకొకరు. విచారణలో ఆ ఇంజినీరు అడిగిన మాటకి ఆడవాళ్ళందరూ ఇప్పుడు వరసగా జవాబు చెబుతున్నారు, వినడానికి సముద్రం ఒక్కటే ఉంది. హౌసాబాయి ముసల్దాని మీద కూర్చుని, పోటు మోకాళ్ళకి వచ్చేదాకా ఏడ్చింది.

రాళ్ళు పోయడం మొదలయ్యాక ఆమె ఆ వైపు చూడలేదు. చప్పుడు మాత్రం ఇంట్లోకి వచ్చేది. ఒక్కొక్క లోడు పడినప్పుడల్లా గూట్లో గిన్నెలు కదిలేవి. తర్వాత ఆ చప్పుడూ ఆగింది. కట్ట లేచింది, దాని మీద రోడ్డు లేచింది, కార్లు గాలిలా పోతున్నాయి. మృణాల్ ఆ ఉద్యోగం మానేసి ఇంకో ఊరికి వెళ్ళిపోయిందని జయేశ్ ఎవరి దగ్గరో విన్నాడు. కొంగబండని మాత్రం చాలా ముచ్చటగా దిద్దారు. చుట్టూ ఉక్కు కమ్మీలు కట్టారు, బల్లలు వేశారు, బాట మీద రంగు పలకలు పరిచారు. ఒక బోర్డు కూడా పెట్టారు. అస్మిత అది చదివి వచ్చి చెప్పింది: తరతరాలుగా కోలీ స్త్రీలు ఆల్చిప్పలు ఏరుకునే బండ ఇదే, దయచేసి చెత్త వేయకండి. మోరేశ్వర్ విని గట్టిగా నవ్వాడు, ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక బయటికి వెళ్ళిపోయాడు.

హౌసాబాయి ఒంటికి మాత్రం ఏదీ అర్థం కాలేదు. అమావాస్య వస్తే కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తుంది. లేచి కూర్చుంటుంది, ఆటు తీసే వేళ చేతులు దురద పెడతాయి. కొన్ని నెలలు అలాగే కూర్చుని, మళ్ళీ పడుకుంది. ఒక అమావాస్యకి ఇంక ఉండలేకపోయింది. చీర గోచీ పోసి బిగించింది. అటక మీదనుంచి బుట్ట దింపి, తుప్పు పట్టిన సుత్తి అందులో వేసుకుంది. గడప దగ్గర అస్మిత టీ వడపోస్తోంది.

"ఎక్కడికత్తా?"

అడిగేశాక ఆ పిల్ల బెదిరిపోయింది. ఎప్పుడూ అడగలేదు, కానీ ఇప్పుడు అడిగితే చెడేదేముందిలే అన్న ధైర్యంతో నోరు జారింది కాబోలు. హౌసాబాయికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

"కొంగబండకి," అంది.

అస్మిత అలవాటు ప్రకారం నాలిక కరుచుకుని పక్కకి తప్పుకుంది. హౌసాబాయి వీధిలోకి దిగి దక్షిణం వైపు తిరిగింది. వెనకాల టీ గిన్నె కింద పెట్టిన చప్పుడు, తర్వాత పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు వినిపించాయి. అత్త నిజంగానే అటు వెళ్తోందని కోడలికి తెలిసిపోయింది. వీధి చివర ఆ అడుగులు ఆగాయి. హౌసాబాయి కావాలనే నెమ్మదిగా నడిచింది. ఒక్కసారి పిలిస్తే చాలు, వెనక్కి తిరిగి ఇంటికి పోదామనుకుంది. కానీ బుట్ట పట్టుకుని వెళ్తున్న ఆడదాన్ని వెనకనుంచి పిలవకూడదని ఆ పిల్లకి తనే నేర్పింది. నల్లనీళ్ళ వాసన ముక్కుకి తగిలేదాకా నడిచింది. ఎవరూ పిలవలేదు.